టీపాయ్ ఎత్తుకెళ్ళి కుళాయి బాగుచేసిన దొంగ

“హోబార్ట్‌లో నా కళ్ళుగప్పి ఒక్క చెంచా కూడా చెయ్యి మారదు. మీరిక నిశ్చింతగా ఉండండి,” అన్నాడు కోరీ క్లెనెట్, ఎదురుగా కూర్చున్న అమ్మాయి ముక్కు తుడుచుకునేదాకా ఆగి.

ఆ మాట ఇంకా నోట్లో ఉండగానే తెరిచిన కిటికీలోంచి ఒక సీగల్ లోపలికొచ్చి, అతని మోచేతి పక్కనున్న, ఆల్చిప్ప మాంసం కూరిన ‘స్కాలప్ పై’ని కాగితం సంచితో సహా కరుచుకుని, గదంతా ఒకసారి తీరిగ్గా నడిచి చూసుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయింది. ఆ అమ్మాయి చూసింది. గుమ్మంలో నిలబడి గొడుగు దులుపుతున్న మెర్ల్ పైబస్ కూడా చూసింది. కోరీ మాత్రం చూడలేదు.

“నా స్కాలప్ పై ఏదీ?” అన్నాడు కాసేపటికి.

“చెయ్యి మారింది,” అంది మెర్ల్.

మెర్ల్‌కి అరవై దాటాయి. ఇన్సూరెన్స్ కంపెనీలో చాలా ఏళ్ళు తగలబడిన ఇళ్ళ బూడిద చూసి ఎవరు తగలబెట్టారో చెప్పే ఉద్యోగం చేసి, ఆఖరికి బూడిద మీద విసుగొచ్చి, బేకరీ పైన రెండు గదులు అద్దెకు తీసుకుని డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకుంది. మనిషి బూట్లు చూసి అతని అత్తగారి పేరు చెప్పేస్తుందని ఆమె దగ్గర పనిచేసే కోరీ ఊరంతా చెబుతుంటాడు. అది కొంచెం ఎక్కువ. ఇంటిపేరు వరకే చెప్పగలదు.

ఆమెకి కుర్చీ ఇవ్వడానికి లేవబోయిన కోరీ సగంలో ఆగి నడుము పట్టుకున్నాడు.

“శనివారం ఫుట్‌బాల్ బాస్,” అన్నాడు అడక్కుండానే. “ముగ్గురు మీదపడ్డారు.”

పొద్దున బేకరీలో చెప్పినప్పుడు ఇద్దరే పడ్డారు.

“పేరేంటమ్మా?” అంది మెర్ల్, ఆ అమ్మాయి వైపు తిరిగి.

“టెస్సా డ్రేక్. ఫర్నిచర్ చేస్తాను. నా టీపాయ్ ఎవరో ఎత్తుకుపోయారు. నవ్వకండి. పొద్దున్నించీ పోలీసులతో సహా ఎవరికి చెప్పినా ముందు నవ్వుతున్నారు, తర్వాత సారీ అంటున్నారు.”

మెర్ల్ నవ్వలేదు. కోరీ నవ్వబోయి నడుము నొప్పి వల్ల మానుకున్నాడు.

టెస్సా ఆ టీపాయ్ గురించి చెబుతుంటే చేతులు గాల్లోనే దాన్ని మళ్ళీ చేస్తున్నాయి. ఒకే బ్లాక్‌వుడ్ దుంగ నుంచి కోసిన రెండు పలకలు. పక్కపక్కనే ఉంటాయి గానీ ఒకదానికొకటి తగలవు. మధ్యలో ఈ చివర నుంచి ఆ చివర దాకా వేలెడు సందు, నది వంపు తిరిగినట్టు తిరుగుతుంది. అడుగున ఇత్తడి పట్టీలు ఆ రెండింటినీ పట్టి ఉంచుతాయి. కింద సన్నటి ఉక్కు కాళ్ళు. సాయంత్రం ఎండ వాలినప్పుడు ఆ సందులోంచి దిగిన వెలుగు తివాచీ మీద ఒక గీతలా పడుతుంది.

“ఆ గీత కోసమే బల్లంతా చేశాను,” అంది టెస్సా. “ఏడాది పట్టింది. మెల్బోర్న్ ప్రదర్శనకి మన టాస్మేనియా నుంచి ఒక్క వస్తువే పంపిస్తున్నారు. అది నా టీపాయే. గురువారం పొద్దున్న లారీ వస్తుంది. అప్పటికి బల్ల లేకపోతే జూలియన్ వాస్ చేసిన కుర్చీ ఎక్కిస్తారు. నాకిలాంటి అవకాశం మళ్ళీ రాదు.”

“ఇవాళ సోమవారం,” అంది మెర్ల్ లేస్తూ. “ఎప్పుడు పోయింది?”

“శుక్రవారం లాన్సెస్టన్ వెళ్ళాను. మంగళవారం దాకా ఉందామనుకున్నాను కానీ పని తొందరగా అయిపోయి నిన్న రాత్రే వచ్చేశాను. వచ్చేసరికి లేదు.”

“తాళం బద్దలుకొట్టారా?”

“లేదు. తాళంచెవి వరండాలో రబ్బరు గమ్‌బూటు కింద పెడతాను.”

“అది ఎవరెవరికి తెలుసు?”

టెస్సా వింతగా చూసింది. “గమ్‌బూటు కింద కాకపోతే ఇంకెక్కడ పెడతారు?”

ఆ జవాబుతో అనుమానితుల సంఖ్య హోబార్ట్ జనాభాకి సమానమైందని కోరీ లెక్కేశాడు.

*

ఇల్లు కొండవాలు మీద ఉంది. ముందు గదిలో, తివాచీ మధ్యలో, ఉక్కు కాళ్ళు మాత్రం నిలబడి ఉన్నాయి. పైన బల్ల లేదు. కాళ్ళకి గీతలు పడకుండా ఎవరో పాత వార్తాపత్రిక చుట్టి, దారంతో కట్టారు. పక్కనే ఉడకబెట్టిన గుడ్డు నిలబెట్టే పింగాణీ కప్పులో మరలు. పొడుగువి ఒకవైపు, పొట్టివి ఒకవైపు.

“కాళ్ళు వదిలేసి పైభాగం మాత్రమే తీసుకెళ్ళాడు,” అన్నాడు కోరీ. “బాస్, వీడికి సగం బుర్రే ఉంది.”

“సగం బుర్రున్నవాడు మరలు పొడుగు పొట్టి ఏరి పెట్టడు,” అంది మెర్ల్. మోకాళ్ళ మీద కూర్చుని తివాచీ అంచు ఎత్తింది. దాని కింద చిటికెన వేలంత తెల్లటి నూలు పోగు, మెలితిప్పి ఉంది. వాసన చూసి జేబులో వేసుకుంది. ఏం వాసనో చెప్పలేదు.

తర్వాత వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు పట్టుకుని, కుళాయి కట్టేసి, దాన్నే చూస్తూ నిలబడింది.

“ఈ గిన్నె ఎందుకమ్మా కింద పెట్టావు?”

“కుళాయి కారుతుంది. రెండు నెలలుగా...” టెస్సా ఆగిపోయింది. గిన్నె పొడిగా ఉంది. ముగ్గురూ కలిసి కుళాయిని అంతసేపు చూశారు, అదే సిగ్గుపడి ఒక చుక్క వదులుతుందేమో అన్నంతసేపు. వదల్లేదు.

“దొంగ ప్లంబర్,” అన్నాడు కోరీ.

“శనాదివారాల్లో ప్లంబర్ వచ్చాడంటే కేసు ఇంకా పెద్దదవుతుంది,” అంది మెర్ల్. “పెరటి తలుపు ఎలా ఉంటుంది?”

“దాని మోతకి వీధి లేస్తుంది. దొంగ అటునుంచి వచ్చుంటే డెనీస్‌కి తెలియకుండా ఉండదు.”

పక్కింటి డెనీస్ అప్పటికే కంచె మీద మోచేతులు ఆనించి ఉంది. విచారణకి పిలిచే శ్రమ ఎవరికీ ఇవ్వలేదు.

“ఆ తలుపు మోతకే నా మొదటి కాపురం చెడింది,” అందామె. “రెండో ఆయనకి చెవుడు కాబట్టి నిలబడింది. కానీ ఈ శనివారం నుంచీ అప్పుడే పుట్టినదానిలా నిద్రపోతున్నాను. ఒక్క కిర్రు లేదు.”

మెర్ల్ తలుపు తెరిచింది. మూసింది. మళ్ళీ తెరిచింది. వెన్నలో కత్తి దిగినట్టు తిరిగింది. కీళ్ళ దగ్గర వేలు పెట్టి చూసుకుంటే నూనె.

“శనివారం ఎవరైనా వచ్చారా?”

“ఆ వానలో కిటికీ దగ్గరికి ఎవరెళ్తారు? సందులోంచి ఏదో బండి పోయిన చప్పుడైతే అయింది. మా మనవడి మ్యాచ్ కూడా లేదు. ఊళ్ళో మైదానాలన్నీ చెరువులేగా, ఒక్క ఆట కూడా జరగలేదు.” డెనీస్ టెస్సా వైపు చూసి గొంతు తగ్గించింది. “మీ తాత కూడా రావట్లేదు ఈమధ్య. పాపం ముసలాయన.”

టెస్సా ముఖం బిగుసుకుంది.

“తాత సంగతేంటి?” అంది మెర్ల్.

“ఆల్ఫ్ డ్రేక్. మా నాన్న నాన్న. నన్ను పెంచింది ఆయనే. జీవితమంతా చెక్క పడవలు కట్టాడు. నాకు ఉలి పట్టుకోవడం నేర్పింది కూడా...” ఆ మాట వదిలేసింది. “బల్ల పూర్తయిన రోజు స్నేహితుల్ని టీకి పిలిచాను. తాత వచ్చి, చుట్టూ తిరిగి, సందులో వేలు పెట్టి, అందరి ముందూ ‘ఇది మునిగిపోతుంది’ అన్నాడు. ‘తాతా ఇది పడవ కాదు’ అన్నాను. ‘సందున్నది ఏదైనా మునుగుతుంది’ అన్నాడు. నాకు ఒళ్ళు మండి, ‘నీకు చిల్లులు పూడ్చడం తప్ప ఏమొచ్చు?’ అనేశాను. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. మూడు వారాలైంది. నేనూ ఫోన్ చెయ్యలేదు. ఆయన ఈ గుమ్మం తొక్కడు.”

మెర్ల్ పెరట్లోకి దిగి వెనక గేటు తెరిచింది. బయట ఇరుకు సందు, బురద, బండి చక్రాల జాడ.

ఆ గేటు చూడగానే కోరీకి నడుము నొప్పి ఒక్కసారిగా ఎక్కువైంది.

“ఇక్కడ చూడ్డానికేం లేదు బాస్. పదండి.”

“నువ్వింకా చూడనేలేదుగా.” ఆమె వంగింది. “ఇద్దరు మనుషులు. ఒకడి అడుగులు తాడు పట్టి నడిచినట్టు తిన్నగా ఉన్నాయి. రెండోవాడివి తాగి నడిచినట్టున్నాయి. ఇదిగో, మెట్టు పక్కన బురదలో కూలబడ్డాడు కూడా.” ఆ గుర్తుని కాసేపు చూసింది. “భారీ మనిషే.”

కోరీ ఆకాశం వంక చూస్తూ మళ్ళీ వాన వచ్చేట్టుందన్నాడు. ఎండ కాస్తోంది.

*

జూలియన్ వాస్, టెస్సా ఒకే వర్క్‌షాపుని పంచుకుంటారు. మంగళవారం మెర్ల్, కోరీ వెళ్ళేసరికి అతను తన కుర్చీ ముందు నిలబడి దాన్ని ప్రేమగా చూస్తున్నాడు. కూర్చోవడానికి వీల్లేని కుర్చీ అది. చాలా అందంగా ఉంది.

“నేనెందుకు దొంగిలిస్తాను?” అన్నాడు. “అసలా సందు ఆలోచనే నాది. ఖాళీ గురించి నేను రెండేళ్ళుగా ఆలోచిస్తున్నాను.”

“ఆలోచించి?”

“ఇంకా ఆలోచిస్తున్నాను.”

“శనివారం ఎక్కడున్నావు?”

“బ్రూనీ దీవిలో. అత్తగారి పుట్టినరోజు. నేనక్కడ ఉన్నానని ఆవిడే సాక్ష్యం చెబుతుంది, అదీ బాధపడుతూ.”

“ఒక్క మాట. మీ ఇంట్లో కుళాయి కారుతుందా?”

జూలియన్ తెల్లబోయాడు. “కారుతుంది. మూడు కుళాయిలూ. ఎందుకు?”

“ఏం లేదు నాయనా. రేపు సాయంత్రం ఒకచోటికి రావాలి.”

బయటికొచ్చాక కోరీ ఉండబట్టలేక అడిగాడు. “బాస్, లాభమంతా వీడిదే కదా! ఎందుకు వదిలేశారు?”

“మూడు కారే కుళాయిలతో కాపురం చేసేవాడు పరాయింటి కుళాయి బాగుచేస్తాడా? దొంగ అక్కడ చేసిన పనులు చూడు. తలుపుకి నూనె, కుళాయికి కొత్త వాషర్, కాళ్ళకి కాగితం. పాడైంది కంటపడితే ఊరుకోలేని మనిషి. ఆ ఇంటి మీద ప్రేమున్న మనిషి. కాళ్ళు ఎందుకు వదిలేశాడంటావ్?”

“మోయలేక.”

“పైభాగం మళ్ళీ ఆ కాళ్ళ మీదికే వస్తుంది కాబట్టి. దొంగిలించలేదు కోరీ. మంగళవారంలోగా తిరిగి పెట్టేద్దామని తీసుకెళ్ళారు. ఆ పిల్ల ముందే వచ్చేసింది.” ఆమె జేబులోంచి నూలు పోగు తీసి అతని ముక్కు దగ్గర పెట్టింది. “అవిసె నూనె వాసన. ఇలాంటి నూలు దేనికి వాడతారో తెలుసా?”

కోరీకి తెలియదు. కానీ ఆ వాసన మాత్రం ఎక్కడో తగిలినట్టుంది. ఆ సంగతి చెప్పలేదు.

*

బుధవారం పొద్దువాలే వేళకి మెర్ల్ అందర్నీ డెర్వెంట్ నది ఒడ్డున ఒక పాత పడవల షెడ్డు దగ్గరికి రప్పించింది. టెస్సా కారు దిగి, షెడ్డు చూసి, మళ్ళీ కారెక్కబోయింది.

“ఇది మా తాతది! ఇక్కడికెందుకు తెచ్చారు?”

“లోపలికి రా తల్లీ. టీ ఇస్తారేమో.”

టీ ఇచ్చారు. ఎనభై ఒక్కేళ్ళ ఆల్ఫ్ డ్రేక్, కమ్మీలాంటి సన్నటి మనిషి, ఎవరి ముఖమూ చూడకుండా అందరికీ కప్పులు అందించాడు. కోరీకి ఇచ్చేటప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆగాడు. కోరీ కప్పులోకి చూస్తూ థాంక్స్ అన్నాడు. డెనీస్ అక్కడున్న ఒకే ఒక్క మంచి కుర్చీ పట్టేసింది. జూలియన్ తలుపు దగ్గరే నిలబడ్డాడు. గది మధ్యలో పని చేసుకునే చెక్క స్టాండ్ల మీద, పాత పూల దుప్పటి కప్పిన వెడల్పాటి వస్తువొకటి ఉంది.

“దొంగ బలవంతంగా దూరలేదు,” మొదలుపెట్టింది మెర్ల్. “గమ్‌బూటు కింద తాళంచెవి తీసుకున్నాడు. అది ఎవరైనా చేస్తారు. కానీ ఎవరూ చెయ్యని పనులు కూడా చేశాడు. కుళాయి కారడం ఆపాడు. డెనీస్‌కి నిద్ర పట్టించాడు. మరలు ఏరి పెట్టాడు. సందు వెడల్పెంతో చూడ్డానికి ఒక నూలు పోగు అందులో దూర్చి చూశాడు. అది జారి తివాచీ కింద పడింది. పడవ కట్టేవాళ్ళు రెండు పలకల మధ్య అలాంటి నూలే దూర్చి, సుత్తితో దట్టించి, మీద పుట్టీ రాస్తారు. లేకపోతే నీళ్ళొస్తాయి. అవునా, ఆల్ఫ్?”

ముసలాయన టోపీ తీశాడు. “దొంగతనం కాదమ్మా. రిపేరు.”

“తాతా!” అంది టెస్సా.

“మరేం చెయ్యమంటావే? మెల్బోర్న్ వాళ్ళందరి ముందూ సందుతో పెడితే నవ్విపోరూ? మా పిల్ల, నా దగ్గర పని నేర్చుకున్న పిల్ల, సందు మూయడం మర్చిపోయిందంటారు. అది నువ్వెట్లాగూ ఒప్పుకోవు. మొండిదానివి. అందుకని నువ్వు లేనప్పుడు మూసేసి, చెప్పకుండా పెట్టేద్దామనుకున్నా. ఈ వానకి పుట్టీ ఆరి చావలేదు. ఈలోగా నువ్వొచ్చేశావు. పోలీసులకి చెప్పావని విన్నాను. ఇంక పని సాగలేదు, తెచ్చిచ్చే ధైర్యమూ చాల్లేదు.”

టెస్సా వెళ్ళి దుప్పటి లాగింది.

నది వంపులాంటి ఆ సందు దాదాపు అంతా మూసుకుపోయింది. ఎంత నున్నగా పూడ్చాడంటే వేలితో తడిమినా తెలియదు. తెల్లటి పుట్టీ గీత ఒక్కచోట వంకర పోలేదు. ఈ చివర మాత్రం జానెడు మేర ఇంకా ఖాళీగా ఉంది. జూలియన్ ఈలలాంటిదేదో వేయబోయాడు. డెనీస్ అతని కాలు తొక్కింది.

“బాగా చేశావు,” అంది టెస్సా, ఆ గీత మీద వేలు నడుపుతూ. “నీలా ఎవరూ చెయ్యలేరు. కానీ ఇందులోంచి వెలుగు రావాలి తాతా.”

“వెలుగా?”

“అవును.”

“మరి ఆ రోజే చెప్పొచ్చుగా?”

“నువ్వు మునుగుతుంది మునుగుతుంది అంటుంటే ఎక్కడ చెప్పను?”

ఆమె వెళ్ళి నది వైపు తలుపు బార్లా తీసింది. వాలిన ఎండ నీళ్ళ మీంచి షెడ్డులోకి దూసుకొచ్చింది. బల్లని ఆమె కొంచెం పక్కకి వాల్చి పట్టుకోగానే, పూడ్చని ఆ జానెడు సందులోంచి ఒక సన్నటి గీత కిందికి దిగి, రంపపు పొట్టు మీద, ఆల్ఫ్ బూటు మీద పడింది.

ఆల్ఫ్ బూటు వంక చూశాడు. కాలు కాస్త జరిపాడు. గీత నేల మీద పడింది. మళ్ళీ కాలు పెట్టాడు. గీత బూటెక్కింది. ఇట్లా చాలాసార్లు చేశాడు.

“అరవై ఏళ్ళుగా సందులోంచి ఏదొచ్చినా నీళ్ళే,” అన్నాడు ఆఖరికి. “వెలుగు కూడా వస్తుందని ఎవడనుకుంటాడు?”

తర్వాత గోడకున్న కొక్కెం లాంటి పనిముట్టు తీసి, బల్ల ముందు స్టూలు వేసుకున్నాడు. “పుట్టీ ఇంకా మెత్తగానే ఉంది. నేను పెట్టింది నేనే తీస్తా. ఒక్క గీత పడనివ్వను.”

“రెండోది ఎక్కడుంది?” అంది టెస్సా.

“ఎక్కడుంటుంది, నీ చిన్నప్పుడు పెట్టిన మేకుకే.”

ఆమె రెండో చివర కూర్చుంది. ఇద్దరూ రెండు వైపుల నుంచీ పుట్టీ గీకుతూ, నూలు లాగుతూ, దారి పొడుగునా దెబ్బలాడుకుంటూ మధ్యకి వచ్చారు. అంత గట్టిగా దట్టించావేంటని ఆమె, పని చేతకానిదానిలా లాగకని ఆయన. డెనీస్ కళ్ళు తుడుచుకుంది. జూలియన్ ఎవరూ అడక్కుండానే దీపం పట్టుకున్నాడు. ఈ విషయంలో అతన్ని తక్కువ అంచనా వేశామని మెర్ల్ తర్వాత ఒప్పుకుంది.

సందు తెరుచుకుంది. బల్లని ఇంటికి చేర్చి కాళ్ళ మీద బిగిస్తే పొద్దున లారీ వచ్చేసరికి సిద్ధంగా ఉంటుంది.

“ఒక్కటి మిగిలింది,” అంది మెర్ల్, గ్లవ్స్ తొడుక్కుంటూ. “ఇది ఒక్కరు మోసే బరువు కాదు. ఆల్ఫ్, ఆ రోజు రెండో వైపు పట్టుకున్నదెవరు?”

“పేరు చెప్పనమ్మా. పాపం, నాకు సాయం చేసినవాణ్ణి పట్టించను. వాడికి ఏమీ తెలీదు. పడవ డెక్కు మీద కప్పే మూత అని చెప్పా,” అన్నాడు ఆల్ఫ్. “మంచి పిల్లాడు. నడుము మాత్రం బలహీనం.”

మెర్ల్ తిరిగి చూడలేదు. చూడాల్సిన అవసరం లేకపోయింది, ఎందుకంటే మిగతా అందరూ చూస్తున్నారు.

“శనివారం ఊళ్ళో ఒక్క ఆటా జరగలేదట, కోరీ,” అంది మెత్తగా.

కోరీ కప్పు కింద పెట్టాడు. ఎర్రబడ్డాడు. అతని చెవుల వెలుగుకి నదిలో ఓడలు దారి చూసుకోవచ్చు.

“ఆ ఇంటి వెనక సందులో పోతున్నాను బాస్. ‘మేట్, ఒక చెయ్యి వేస్తావా’ అన్నాడీయన. అడిగితే వెయ్యకుండా ఎలా పోతాం? దుప్పటి కప్పి ఉంది, ఏంటని ఎవరు అడుగుతారు? మొన్న ఆ గేటు చూసేదాకా నాకు నిజంగా తెలీదు. చూశాక చెప్పేద్దామనే అనుకున్నాను.”

“మరి చెప్పలేదేం?”

“చెబితే మిగతాదీ చెప్పాలిగా.”

“ఏం మిగతాది?”

కోరీ ముసలాయన వంక చూశాడు. ఆల్ఫ్ జాలిగా తలూపాడు.

“ఆయనకి ఎనభై ఒకటి బాస్. రెండో మెట్టు దగ్గర ఆయనే ఆగాడు. తన వైపు బరువు ఒంటిచేత్తో పట్టుకుని, ‘కాసేపు కూర్చుంటావా బాబూ’ అని నన్నడిగాడు.” కోరీ తల దించుకున్నాడు. “కూర్చున్నాను.”